లివర్ కోసం కాఫీ తాగాలంటే ఎలా తాగాలి?

కడుపులో గ్యాస్ అని స్కానింగ్‌కి వెళ్ళినా, ఆఫీసువాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌కి వెళ్ళినా, రిపోర్టు చివర్లో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్", అంటే లివర్‌లో కొవ్వు పేరుకుందనే ముక్క ఒకటి తగులుతోంది. బెజవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ ల్యాబ్ బయట నిలబడినా పదిమందిలో ముగ్గురు నలుగురి చేతిలో ఆ కాగితమే ఉంటుంది. ఇది అతిశయోక్తి కాదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పెద్దవాళ్ళలో మూడో వంతుకి పైగా ఫ్యాటీ లివర్ ఉందని 2022లో ఎయిమ్స్ డాక్టర్లు లెక్క తేల్చారు.

ఆ రిపోర్టు ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే ఎవరో ఒక బాబాయి "కాఫీ తాగరా, లివర్ క్లీన్ అయిపోద్ది" అంటాడు. బాబాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మనింటి స్టీలు గ్లాసులోకి ఎలా తెచ్చుకోవాలో చెబుతాను.

ముందు, ఆ సగం నిజం ఏమిటి

బ్రిటన్‌లో దాదాపు 4 లక్షల 95 వేల మందిని పదేళ్ళకు పైగా గమనించి 2021లో ఫలితాలు ప్రచురించారు. కాఫీ తాగనివాళ్ళతో పోలిస్తే తాగేవాళ్ళలో దీర్ఘకాలిక లివర్ జబ్బు 21 శాతం తక్కువగా, దానివల్ల చనిపోవడం 49 శాతం తక్కువగా కనిపించాయి. పొడితో కాచుకున్న కాఫీకి ఎక్కువ లాభం కనిపించింది, ఇన్‌స్టంట్‌కీ, కెఫీన్ తీసేసిన డీకాఫ్‌కీ కూడా కొంత కనిపించింది. రోజుకి మూడు నాలుగు కప్పుల దగ్గరికి వచ్చేసరికి లాభం పెరగడం ఆగిపోయింది. అంతకుముందు 2006లో అమెరికాలో లక్షా పాతిక వేల మందికి పైగా వివరాలు చూసినప్పుడు, రోజూ తాగే ఒక్కో కప్పుకీ మద్యం వల్ల వచ్చే సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) 22 శాతం తగ్గుతూ కనిపించింది. టీ తాగేవాళ్ళలో ఆ తేడా లేదు. టీ ప్రియులకి ఇది రుచించకపోవచ్చు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళని కాఫీ తాగమని ప్రోత్సహించాలని ఐరోపా లివర్ డాక్టర్ల సంఘం 2018లో లివర్ క్యాన్సర్ మార్గదర్శకాల్లోనే రాసింది.

లివర్‌లో స్టెల్లేట్ కణాలు అని ఉంటాయి. లివర్ వాచినప్పుడల్లా మచ్చ కట్టేవి అవే. ఆ మచ్చలు ముదిరితే సిరోసిస్. ఆ కణాలకి అందే ఒక సంకేతాన్ని కెఫీన్ అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో చూశారు. డీకాఫ్‌లో కూడా కొంత లాభం కనిపిస్తోంది కాబట్టి పనంతా కెఫీన్ ఒక్కటే చేయడం లేదు, గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం లాంటివి కూడా సాయం చేస్తుండొచ్చు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఇవన్నీ జనం ఏం తాగారో, తర్వాత వాళ్ళకి ఏమైందో చూసి వేసిన లెక్కలు. కాఫీని మందుగా ఇచ్చి జబ్బు నయం చేసినవి కావు. కాబట్టి కాఫీ ఇష్టమైతే మానొద్దు, ఇష్టం లేకపోతే లివర్ కోసమని ముక్కు మూసుకుని తాగనక్కర్లేదు.

1. కాఫీ సంగతి తర్వాత, రిపోర్టు తీయండి

స్కానింగ్‌లోని గ్రేడ్ చూసి టెన్షన్ పడేవాళ్ళే ఎక్కువ. గ్రేడ్ అనేది కొవ్వు ఎంత కనిపించిందో చెబుతుంది. మచ్చ కట్టిందా లేదా అన్నది మీకు అసలు తెలియాల్సిన సంగతి. దానికి ఇంట్లో కూర్చుని వేసుకోగల లెక్క ఒకటుంది, పేరు ఫిబ్-4. మామూలు రక్త పరీక్షల్లో ఉండే మూడు అంకెలు, మీ వయసు చాలు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి లివర్ దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు, కొన్ని రిపోర్టుల్లో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అని ఉంటాయి. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. మన ల్యాబుల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లో రాస్తారు కదా, ఇక్కడ వేలల్లో వేయాలి. 2.5 లక్షలు ఉంటే 250 అన్నమాట.

45 ఏళ్ళ మనిషి, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 60, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు అనుకుందాం. 45ని 40తో గుణిస్తే 1800. 60 వర్గమూలం 7.75, దాన్ని 250తో గుణిస్తే దాదాపు 1937. భాగిస్తే 0.93. ఇది 1.3 కంటే తక్కువ కాబట్టి ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. ఇంకొకాయనకి 52 ఏళ్ళు, ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు లక్షన్నర. లెక్క 3.07 వస్తుంది. ఈయన ఎస్‌జీపీటీ మొదటాయన కంటే తక్కువే, చూడటానికి రిపోర్టు బాగానే ఉందనిపిస్తుంది. కానీ 2.67 దాటితే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. 1.3కీ 2.67కీ మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించుకోవాలా అని డాక్టర్‌ని అడగండి. 65 దాటినవాళ్ళకి 1.3 బదులు 2 వరకూ పర్వాలేదు. 35 లోపు వాళ్ళకి ఈ లెక్క అంతగా కుదరదు.

ఈ అంకె ఎక్కువగా వచ్చినవాళ్ళు కాఫీ మీద ఆశ పెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం వాయిదా వేయకండి.

2. గ్లాసులో ఏముందో లెక్క వేయండి

నా ఉద్దేశంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ అధ్యయనాల్లో జనం తాగిన కాఫీలో ఎక్కువ భాగం కాఫీయే. మన గ్లాసులో ముప్పాతిక వంతు పాలు, రెండు చెంచాల పంచదార, మిగిలిన జాగాలో డికాషన్. ఆ డికాషన్‌లో మళ్ళీ చికోరీ వేరు పొడి.

చెంచాడు పంచదార దాదాపు 5 గ్రాములు. గ్లాసుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు గ్లాసులు అనుకుంటే 40 గ్రాములు. నెలకి కిలో పైచిలుకు, కాఫీ ఒక్కదాంట్లోనే. విడిగా కలుపుకునే పంచదార రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పంచదారలో సగం ఫ్రక్టోజ్, అది నేరుగా లివర్‌కే వెళ్ళి ఎక్కువైనప్పుడు కొవ్వుగా మారుతుంది. లివర్ బాగుపడాలని తాగే గ్లాసుతోనే లివర్‌కి కొవ్వు పోస్తున్నట్టు.

బెల్లం కాఫీ బోర్డులు ఇప్పుడు ఊరంతా కనిపిస్తున్నాయి. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఉండేది అదే పంచదార పదార్థం, లివర్‌కి తేడా తెలియదు. తేనె కూడా అంతే.

ఒక్కసారిగా మానేస్తే నాలుగో రోజుకి మళ్ళీ మొదలెడతారు. గ్లాసుకి అర చెంచా తగ్గించండి, నాలుక అలవాటు పడ్డాక ఇంకో అర. చెంచా తలకొట్టి కొలవండి. గోపురంలా తీసిన చెంచా రెండు చెంచాల పెట్టు. బయట హోటల్లో అయితే "పంచదార విడిగా ఇవ్వండి" అనండి. "తక్కువ వేయండి" అంటే వాళ్ళ తక్కువ వాళ్ళది.

పాల సంగతి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో 6 శాతం వెన్న, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. పాడి ఇంటి గేదె పాలైతే 6 కంటే ఎక్కువే ఉండొచ్చు. గ్లాసుకి 100 మి.లీ. చొప్పున నాలుగు గ్లాసులు వేసుకుంటే ఫుల్ క్రీమ్‌తో 24 గ్రాముల కొవ్వు, డబుల్ టోన్డ్‌తో 6. పాలు పూర్తిగా మానేయమని నేను చెప్పను, గుంటూరు జిల్లాలో ఆ మాట అంటే ఎవరూ వినరు కూడా. పొద్దున మొదటి గ్లాసు మీ ఇష్టప్రకారం తాగండి. మిగతావాటిలో డికాషన్ పెంచి పాలు తగ్గించండి. ఒకటైనా నల్లకాఫీ చేసుకోగలిగితే ఇంకా మంచిది.

కాఫీతో పాటు చేతిలోకి వచ్చేదాన్ని కూడా లెక్కలో వేయండి. సాయంత్రం ప్లేటు పునుగులు, వాటి వెనక కాఫీ అయితే లివర్‌కి కాఫీ చేసే సాయం ఆ నూనెలోనే మునుగుతుంది.

3. పొడి కొనేటప్పుడు

అప్పటికప్పుడు గింజలు మరపట్టి ఇచ్చే కొట్లు బెజవాడ, గుంటూరు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. అక్కడ మనిషి డబ్బాలోంచి గింజలు తూకం వేస్తూ తల ఎత్తకుండానే "చికోరీ ఎంత?" అంటాడు. మీరు ఏమీ చెప్పకపోతే ఆయన చెయ్యి అలవాటు ప్రకారం వేసేస్తుంది. "అసలు వద్దు" అనండి. అలవాటు లేక చేదనిపిస్తే కాఫీ 80, చికోరీ 20 దగ్గర మొదలుపెట్టి చికోరీ తగ్గించుకుంటూ రండి.

చికోరీ ఒక వేరు. విషం కాదు, కానీ అది కాఫీ కాదు. అందులో కెఫీన్ లేదు. ఇందాక చెప్పిన లెక్కలన్నీ కాఫీ గింజవి. చికోరీ వేస్తే డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది, దాన్ని చూసి స్ట్రాంగ్ అనుకుంటాం. ప్యాకెట్ పొడి కొంటే ముందువైపు బొమ్మ కాదు, కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని రాసిన లైను చూడండి. రాయడం తప్పనిసరి. చికోరీ 49 శాతం వరకూ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, అంటే మీరు కాఫీ డబ్బులిచ్చి సగం వేరు కొంటున్నట్టు. ఇన్‌స్టంట్ పొడుల్లోనూ చికోరీ కలిపినవి ఉంటాయి.

గింజ రకం కూడా అడగండి. అరబికాలో కెఫీన్ 1.2 శాతం దాకా, రోబస్టాలో దానికి దాదాపు రెట్టింపు. నిద్ర పట్టనివాళ్ళు, గుండె దడ ఉన్నవాళ్ళు అరబికా తీసుకోండి. మన అరకు లోయలో పండేది అరబికాయే, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

4. కాచుకోవడం

స్టీలు ఫిల్టర్ పై గిన్నెలో 20 గ్రాముల పొడి, అంటే నిండుగా మూడు పెద్ద చెంచాలు, వేసి మెల్లగా అదమండి. గట్టిగా నొక్కితే దిగదు. మరిగిన నీళ్ళు 150 మి.లీ. పోసి మూత పెట్టి పావుగంట వదిలేయండి. చికోరీ లేని పొడి కాస్త త్వరగా దిగుతుంది, డికాషన్ పల్చగా కనిపిస్తుంది, కంగారుపడకండి. 20 గ్రాముల అరబికాలో మొత్తం 240 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, అంతా దిగదు. ముగ్గురు పంచుకుంటే మనిషికి 80 లోపే. అదే పొడిలో 40 శాతం చికోరీ ఉంటే మనిషికి 50 కూడా రాదు.

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది ఎల్‌డీఎల్‌ని, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని పట్టేస్తుంది, స్టీలు చిల్లులు పట్టవు. పొడిని నీళ్ళలో వేసి మరిగించి వడకట్టే పద్ధతిలో అది ఇంకా ఎక్కువగా దిగుతుంది. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండి రోజుకి మూడు నాలుగు గ్లాసులు తాగుతుంటే కాగితం ఫిల్టర్‌కి మారండి, లేదా ఇన్‌స్టంట్ తాగండి, దాంట్లో కెఫెస్టాల్ చాలా తక్కువ. రుచి విషయంలో స్టీలు ఫిల్టరే గెలుస్తుంది, అది నేనూ ఒప్పుకుంటాను.

పొగలు కక్కుతుండగా గొంతులో పోసుకోకండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహికకి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. అదే నివేదికలో కాఫీ మీద ఉన్న పాత అనుమానాన్ని తీసేసింది. రెండు గ్లాసుల మధ్య నాలుగుసార్లు తిరగబోసుకుంటే సరిపోతుంది.

5. ఎంత, ఎప్పుడు

రోజుకి 300 మి.గ్రా. కెఫీన్ దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఉంది. వాళ్ళ లెక్కలో 150 మి.లీ. కాచిన కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మి.గ్రా. అంటే మంచి డికాషన్‌తో మూడు గ్లాసులు. మధ్యలో టీలు కూడా తాగుతుంటే వాటినీ కలపండి. హోటల్లో వన్ బై టూ చెప్పి సగం కప్పు తాగితే దాన్ని ఒక కాఫీ కింద లెక్కేయకండి. కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది, అట్ట వెనక చూడండి.

భోజనానికి ముందొక గంట, తర్వాతొక గంట కాఫీ వద్దని అదే సంస్థ చెబుతోంది, తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఇది తప్పకుండా పాటించాలి.

ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదికి కూడా లోపలే తిరుగుతుంటుంది. ఆఖరి గ్లాసు మూడు, నాలుగు లోపు ముగించండి. మే నెల బెజవాడ ఎండలో కాఫీని నీళ్ళ బదులుగా తాగకండి, నీళ్ళు నీళ్ళే.

ఎనర్జీ డ్రింకుల్ని ఈ లెక్కలోకి తేవద్దు. అందులో కెఫీన్ ఉంది, కాఫీ లేదు, పంచదార బోలెడు. రోజుకి 500 మి.లీ. మించొద్దని, పిల్లలకీ గర్భిణులకీ పనికిరాదని డబ్బా మీదే ఉంటుంది. లివర్‌కి మంచిదని అమ్మే గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూళ్ళు ఇంకా ప్రమాదం, వాటివల్లే లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. కప్పులో కాచుకునే గ్రీన్ టీకి ఆ భయం లేదు.

6. ఎవరు ఆగాలి

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మన ఇళ్ళలో ఇంటికొకరు. మాత్ర నోట్లో వేసుకుని, ఆ నీళ్ళ గ్లాసు పెట్టేలోపే కాఫీ గ్లాసు అందుకుంటే మందు సరిగ్గా ఒంటబట్టదు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. ఐరన్ మాత్రకీ ఎడం ఇవ్వండి.

గర్భిణులు రోజుకి 200 మి.గ్రా. దాటకూడదు, అంటే రెండు చిన్న గ్లాసులకి మించి వద్దు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుంటే కెఫీన్ ఒంట్లోంచి మెల్లగా బయటికి పోతుంది, ఆ నాలుగు రోజులు తగ్గించండి. సిగరెట్ మానేసినవాళ్ళకి కూడా అంతే. పొగ తాగే రోజుల్లో లివర్ కెఫీన్‌ని వేగంగా కరిగించేది, మానాక అదే మూడు గ్లాసులకి చేతులు వణకొచ్చు. గుండె లయ తప్పడం, అదుపులో లేని బీపీ, తీవ్రమైన ఎసిడిటీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే. కెఫీన్ పడకపోతే డీకాఫ్ ఉంది.

సిరోసిస్ ఉందని తేలినవాళ్ళ సంగతి వేరు. కెఫీన్‌ని కరిగించాల్సింది లివరే, అది దెబ్బతింది కాబట్టి ఐదు గంటల పని ఎన్నో గంటలు పడుతుంది. అసలే నిద్ర తారుమారయ్యే జబ్బు. కాఫీ మంచిదే, కానీ పొద్దున పూటే, ఎన్ని గ్లాసులో మీ డాక్టర్ చెప్పినంతే. కాఫీతో ఆకలి చంపుకుని భోజనం మానేయడం మాత్రం చేయొద్దు, ఈ జబ్బులో పస్తు మంచిది కాదు.

మందు తాగేవాళ్ళకి. రాత్రి తాగి పొద్దున స్ట్రాంగ్ కాఫీ కొడితే మత్తు దిగినట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆల్కహాల్ మాత్రం ఒక్క చుక్క కూడా త్వరగా తగ్గదు. మద్యం సిరోసిస్ గురించి మొదట్లో చెప్పిన ఆ 22 శాతం అంకె చూపించి ఇంట్లోవాళ్ళతో వాదించకండి. రెండూ తాగుతూ లివర్ కాపాడుకోవచ్చని ఆ అధ్యయనం చెప్పలేదు.

కళ్ళు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కాళ్ళు, పొట్ట ఉబ్బుతున్నా ఇక కాఫీ ప్రస్తావనే లేదు, పసరు మందు ప్రస్తావన అంతకన్నా లేదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కామెర్లకి కారణం హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఇ వైరస్సా, హెపటైటిస్-బి వైరస్సా, పిత్తనాళంలో రాయా అన్నది పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఏ మూలికలు కలిపారో తెలియని పసరు వాచిన లివర్ మీద ఇంకో బరువు.

7. మళ్ళీ పరీక్ష

ఫ్యాటీ లివర్‌కి కాఫీ కంటే ఎక్కువ పనిచేసేది బరువు తగ్గడం. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి 4 కిలోలు మొదటి మజిలీ. గ్లాసులో పంచదార, వెన్న తగ్గించడం ఆ దారిలోదే.

డాక్టర్ వేరే గడువు పెట్టకపోతే ఆర్నెల్ల తర్వాత పరీక్ష చేయించుకోండి. వీలైతే అదే ల్యాబ్‌లో, పరగడుపున. నల్లకాఫీయే కదా అని వెళ్ళేముందు తాగొద్దు. అంతకుముందు రెండు మూడు రోజులు జిమ్‌లో భారీ బరువులు ఎత్తొద్దు, కండరాలు అలసినా ఎస్‌జీఓటీ పెరుగుతుంది. రక్తం ఇచ్చి బయటికొచ్చాక ఎదురుగా కనబడే హోటల్లో కాఫీ తాగొచ్చు, పంచదార విడిగా ఇవ్వమనండి.